రక్తపుపోటు – యోగాభ్యాసము

రక్తపుపోటునకు యోగాభ్యాసము పనిచేయునా, పనిచేసినచో మందులు మానివేయవచ్చునా యని పలువురు సోదరీమణులు మమ్మడుగుచున్నారు. ఈ ప్రశ్న మా బంధువుల యింటిలోనే మాకెదురైనది. ఆ సంగతి మొదట చెప్పి, పిమ్మట తక్కిన విషయములను ముచ్చటింతుము.

కృష్ణాజిల్లా మెట్టసీమలో నందిగామకు దగ్గరగా చందర్లపాడను గ్రామము గలదు. 2022 ఏప్రిలునుండి యది ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరినను, అచ్చటి పెద్దవారు తమది కృష్ణాజిల్లా యనియే చెప్పుకొందురు. నల్లరేగడి భూములు, ప్రత్తి, మిరప పంటలు, వేసవిలో నిప్పులు చెరుగు ఎండలు – ఇది ఆ ప్రాంతపు తీరు. ఆ యూర మా పెద్దమ్మగా రున్నారు. ఆమెకు 66 ఏండ్లు. ఏడేండ్లుగా రక్తపుపోటునకై ప్రతిదినము నొక మాత్ర వేసికొనుచుండిరి.

2025 మే 21వ తేదీ మొదలు జూన్ 21వ తేదీవరకు 'యోగాంధ్ర' యను పేరుతో ఆంధ్రప్రదేశమంతట యోగశిక్షణ జరిగిన సంగతి చదువరు లెరుగుదురు. జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో నిర్ణయించెను. 2025లో ఆ దినమున విశాఖపట్టణపు సముద్రతీరమున మూడు లక్షలమంది యొక్కసారిగా యోగాసనములు వేసిరి. ఆ నెలలోనే మా పెద్దమ్మగారును ఇరుగుపొరుగు స్త్రీలతో కలసి తెల్లవారుజామున బడి యావరణకు పోవ నారంభించిరి. జన్మలో నెన్నడును తన కొరకై యరగంట కాలము కేటాయించుకొని యెరుగని యామె, చాప చంకనిడుకొని పోవుట చూచి మేమెంతయో సంతోషించితిమి.

దసరాకు మరల మేమా యూరు పోయితిమి. మా వదిన, అనగా పెద్దమ్మగారి కోడలు, మమ్ము పెరటిలోనికి బిలిచి మెల్లగా చెప్పెను: "వదినా, అత్తయ్యగారు జూన్ నెలలోనే మాత్రలు మానివేసిరి. యోగమే చాలునట. మొన్న ఆశా కార్యకర్త వచ్చి చూడగా 178కి 104 ఉన్నది. నేను చెప్పిన నామెకు కోపము. మీ అన్నగారు చెప్పిన వినరు. నీవైన నొక మాట చెప్పుము."

పెద్దమ్మగారి నడిగితిమి. ఆమె నవ్వి, "అమ్మాయీ, తల తిరుగదు, నొప్పి లేదు, నిద్ర హాయిగా పట్టుచున్నది. ఒంట్లో జబ్బే లేనప్పుడు ఆ ఇంగ్లీషు మందెందుకే?" అనిరి.

సోదరీమణులారా, ఈ మాట యొక్క చందర్లపాడులోనే కాదు, మన యిండ్లలో వేయి చోట్ల వినబడుచున్నది. ఇందు సగము సత్యము గలదు. సగము ప్రమాదము గలదు. రెంటిని వేరుచేసి చూడవలయును.

మొదట రక్తపుపోటన నేమో తెలిసికొందము. పొలములో బోరు మోటారు నడచునపుడు నీరు గొట్టపు గోడలను లోపలినుండి నెట్టుచుండును గదా. అట్లే గుండె రక్తమును తోయునపుడు రక్తనాళముల గోడలపై బడు ఒత్తిడియే రక్తపుపోటు. గుండె ముడుచుకొనునప్పటి యొత్తిడి పై సంఖ్య; విప్పారి విశ్రమించునప్పటి యొత్తిడి క్రింది సంఖ్య. ఈ సంఖ్యలు పాదరసపు మట్టమును మిల్లీమీటర్లలో తెల్పును. జబ్బకు పట్టీ చుట్టి పోటును కొలుచు సాధనమును 1896లో ఇటలీ దేశపు వైద్యుడు రీవా రోచి కనిపెట్టెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ నాళములోని చప్పుడు విని రెండు సంఖ్యలను గుర్తించు విధము తెలిపెను. 120కి 80 ఆరోగ్యకరము. పలుమారులు చూచినను 140కి 90 గాని, అంతకు మించి గాని యున్నచో నది యధిక రక్తపుపోటు.

దీని మాయ యేమనగా, నొప్పి పెట్టదు. చెద పట్టిన దూలము పైకి నున్నగానే యుండును. విరుగు నాటికి గాని తెలియదు. అట్లే ఈ పోటు ఏండ్లతరబడి మెదడును, గుండెను, మూత్రపిండములను, కంటిని లోలోపల దెబ్బతీయుచుండును. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మన రాష్ట్రమున 15 ఏండ్లు దాటిన స్త్రీలలో ఇంచుమించు నలుగురి కొకరికి పోటు అధికముగా నున్నది, లేదా దానికై మందు వాడుచున్నారు. కావున "నాకు తల తిరుగుట లేదు" అనుట నిదర్శనము కాదు. పట్టీ చుట్టి చూచిన సంఖ్యయే నిదర్శనము.

ఇక యోగము మాట. ఒకప్పుడు యోగమనిన సన్యాసుల సొత్తని జనులు తలచెడివారు. 1924లో స్వామి కువలయానందులు బొంబాయికి సమీపముననున్న లోనావలలో కైవల్యధామమును స్థాపించి, ఆసనములు వేయువారి రక్తపుపోటును యంత్రములతో కొలిచి, ఆ ఫలితములను 'యోగమీమాంస' యను తమ పత్రికలో ప్రకటించిరి. 1969లో బొంబాయి వైద్యులు దాతేగారును వారి సహచరులును 47గురు రోగులచే శవాసనము చేయించిరి. కొందరికి పోటు తగ్గెను. కొందరికి మందు మోతాదు తగ్గింప గలిగిరి. మరికొందరికి మార్పేమియు రాలేదు.

స్త్రీలమైన మనము ప్రత్యేకముగా చెప్పుకొనదగినది డాక్టర్ చంద్రా పటేలు గారి కృషి. ఈమె ఇంగ్లండులో కుటుంబ వైద్యురాలు. 1975లో 34గురు రోగులను రెండు జట్లుగా జేసి, ఒక జట్టునకు ఆరు వారములు యోగపద్ధతిని శరీరమును సడలించుటయు ధ్యానమును నేర్పిరి. ఆ జట్టువారి సగటు పోటు 168కి 100 నుండి 141కి 84కు దిగెను. ఊరక కూర్చుండి విశ్రమించిన రెండవ జట్టువారిది 169కి 101 నుండి 160కి 96కు మాత్రమే దిగెను. యోగమువలని మేలు కేవలము మనోభ్రాంతి కాదని దీనివలన తెలియుచున్నది.

తరువాత పెక్కు దేశములలో పెక్కు పరీక్షలు జరిగినవి. వానిని గుదిగ్రుచ్చి చూచినవారు, యోగాభ్యాసమువలన పై సంఖ్య సుమారు 4 మొదలు 10 వరకు, క్రింది సంఖ్య 4 మొదలు 7 వరకు తగ్గుచున్నదని తేల్చిరి. ఆసనములు మాత్రమే వేసినవారికంటె, శ్వాసాభ్యాసము, ధ్యానము గూడ జేర్చినవారికి ఫల మెక్కువ. ఆ పరీక్షలలో పెక్కు చిన్నవగుటచే ఈ లెక్కలను మరీ గట్టిగా పట్టుకొనరాదు గాని, అన్నియు నొకే దిక్కును చూపుచున్నవి.

ఇది యెట్లు జరుగును? మన మెడలోని పెద్ద నాళములలో పోటును కనిపెట్టుచుండు నరములున్నవి. పోటు పెరిగినచో నివి మెదడునకు వర్తమానమంపి గుండెను నెమ్మదింపజేయును. ఎల్లప్పుడు తొందర, దిగులు గలవారియం దీ కావలి మందగించును. నెమ్మదిగా, నిముషమునకు సుమారారు సార్లు మాత్రమే ఊపిరి దీయునపు డది మరల చురుకు దేలును. 2001లో ఇటలీ దేశపు పావియా నగర వైద్యులు 23గురు ఆరోగ్యవంతులచే క్రైస్తవుల జపమాల ప్రార్థనను, బౌద్ధుల మంత్రమును పఠింపజేసిరి. రెంటియందును శ్వాస నిముషమున కారు పర్యాయములకు దిగి, ఆ కావలి చురుకైనట్లు కనుగొనిరి. మన యవ్వలు అరుగుపై గూర్చుండి తులసిమాల త్రిప్పుచు పొందు నెమ్మదిలో నిట్టి మర్మ మొకటి యున్నదన్నమాట.

పెద్దమ్మగారి మాటలో సత్యమగు సగ మిది. ఆమెకు నిద్ర పట్టుట, ఒళ్లు తేలికపడుట యోగఫలమే. దానిని మేము కాదనము. ఇక ప్రమాదమగు రెండవ సగము.

లెక్క చూడుడు. 178లో యోగము 10 తగ్గించినదనుకొన్నను 168 మిగులును. అది చాలదు. ఒక మాత్ర సామాన్యముగా పై సంఖ్యను 9 వరకు దించును. యోగము, మాత్ర, ఉప్పు తగ్గించుట మూడును గలసి లాగిననే బండి గట్టెక్కును. అట్లని 5 తగ్గుట స్వల్పమని యోగమును చిన్నచూపు చూడరాదు. మందులతో నడచిన పెక్కు పరీక్షలను 2021లో గూర్చి చూడగా, పై సంఖ్య 5 తగ్గినను గుండెపోటు, పక్షవాతము మొదలగు పెద్ద యాపదలు నూటికి పదివంతులు తగ్గునని తేలినది.

మందులు లేని కాల మెట్లుండెనో యొక యుదాహరణము చెప్పెదము. 1945 ఏప్రిలు 12వ తేదీన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. ఆనాడాయన పోటు 300కి 190 దాటియుండెనని యాయన వైద్యుడు పిమ్మట తెలిపెను. లోకములోకెల్ల ధనికమగు దేశమున కధిపతియైనను, ఆయన కియ్యదగిన మంచి మందు ఆనాడు లేదు. ఈనాడు మన యూరి ఆరోగ్యకేంద్రమున ఆశా కార్యకర్త చేతినుండి యూరక దొరకు మాత్ర ఆయనకు దొరకలేదు!

"ఇంగ్లీషు మందు" అను నాక్షేపణకు గూడ బదులున్నది. మన యడవులలో పెరుగు సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించునని బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీలుగారు 1949లో ఇంగ్లండునందలి హృదయవైద్య పత్రికలో ప్రకటించిరి. లోకమున తొలుత వాడిన మంచి పోటుమందులలో నొకటి ఆ వేరునుండియే పుట్టినది. మందునకు కులము లేదు, గుణమే యున్నది.

ఇప్పు డభ్యాసక్రమమును తెల్పెదము. పోటు గలవారికి దగినవి కష్టములేని యాసనములు. తాడాసనము, పిల్లివలె వీపును మెల్లగా వంచి యెత్తు మార్జాలాసనము, కడపట పదినిముషములు శవాసనము చాలును. శ్వాసాభ్యాసమునకు నడుము నిటారుగా నుంచి కూర్చుండవలెను. నాలుగు లెక్కించువరకు గాలి పీల్చి, ఆరు లెక్కించువరకు మెల్లగా విడువవలెను. ఇట్లు పది పదునైదు నిముషములు చేయుడు. ముక్కుపుటములు మార్చి చేయు నాడీశోధనము, తుమ్మెదవలె ఝుంకారము చేయు భ్రామరి గూడ మంచివే. మోకాళ్లు నొప్పులు గలవారు కుర్చీలో గూర్చుండి చేయవచ్చును. నేలపై గూర్చుండకున్న ఫలము పోదు.

చేయరానివి గూడ గలవు. పోటు అదుపులో లేనివారు శీర్షాసనము, సర్వాంగాసనము, హలాసనము మొదలగు తలక్రిందుల యాసనములను విడువవలెను. ఊపిరి బిగబట్టు కుంభకమును, కొలిమితిత్తివలె వేగముగా ఊపిరి కొట్టు భస్త్రికను, కపాలభాతిని మానవలెను. బిగబట్టి చేయు ప్రతి పనియు పోటును పెంచును. అభ్యాసమున తల దిమ్మెక్కినను, రొమ్ములో నొప్పి వచ్చినను వెంటనే మానివేసి వైద్యునికి చూపింపవలెను.

గర్భిణీ స్త్రీల విషయమున మరింత జాగ్రత్త కావలెను. గర్భమున పోటు పెరుగుట తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము. విపరీతమగు తలనొప్పి, కండ్లు మసకబారుట, ముఖము చేతులు ఉబ్బుట, రొమ్ముక్రింద కడుపునొప్పి – వీనిలో నేది కనబడినను యోగముతో కాలయాపన చేయక అదే క్షణమున నాసుపత్రికి పోవలయును.

ఇక వంటయిల్లు. మెట్టసీమ మిరపకాయ లోకమెల్ల మెచ్చినది. కాని పోటు విషయమున మనము చూడవలసినది కారము కాదు, దాని వెంటవచ్చు నుప్పు. దినమునకు మనిషికి 5 గ్రాములలోపు, అనగా చిన్నచెంచాడులోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మన భోజనమున కూరలోనిది గాక ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడములు, వడియములు, మజ్జిగలో వేసికొను చిటికెడు – అన్నియు లెక్కకు వచ్చును. పెద్దమ్మగారి యటకపై నాలుగు జాడీలున్నవి. జాడీలు పారవేయుమని మేము చెప్పలేదు. పూట కొక ముద్దకు మాత్రము పచ్చడి, మజ్జిగకు ఉప్పు లేదు, విస్తరిలో వేరుగా నుప్పు వడ్డింపరాదు అని మూడు మాటలు చెప్పితిమి.

పోటును చూపించుకొనుటకు గూడ నొక పద్ధతి గలదు. నీళ్లబిందె దింపిన వెంటనే చేయి చాపరాదు. అరగంట ముందు కాఫీ త్రాగరాదు. మూత్రము పోసి వచ్చి, అయిదు నిముషము లూరక కూర్చుండవలెను. వీపునకు ఆనిక, పాదములు నేలపై, చేయి గుండెకు సరియైన యెత్తున బల్లపై నుండవలెను. బిగుతు రవికె చేతిని పైకి ముడిచి దానిపై పట్టీ చుట్టరాదు; వదులు రవికె తొడిగికొని పోవుట మంచిది. చూచునపుడు మాటలాడరాదు. రెండుమారులు చూపించి రెండును వ్రాసి యుంచవలెను.

ఇట్లే పెద్దమ్మగారిని కూర్చుండబెట్టి చూపించితిమి. 174కి 102. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "ఐతే యోగము మానవలెనా?" అనిరి.

"మానవద్దు పెద్దమ్మా. యోగముతోపాటు మాత్రయు వేసికొనుము. నీ సంఖ్య నెలలతరబడి తగ్గియుండిన, మాత్ర తగ్గించుట వైద్యుడే చెప్పును. తనంతట తాను మానుట మాత్రము కూడదు" అంటిమి.

ఆమె యేమియు ననక, పట్టీని చూపి, "కోడలికి గూడ చూడుడు" అనిరి.

మా వదినకు 43 ఏండ్లు. రెండవ కాన్పు పిమ్మట నామె చేతికి పట్టీ చుట్టినవారే లేరు. చూడగా 152కి 96! మే మదిరిపడితిమి. మరి రెండు దినములు చూచినను 140కి దిగలేదు. అత్తగారి పోటునకై మూడు నెలలు దిగులుపడిన యామెకు తన పోటు తెలియనే తెలియదు.

"వదినా, నీవు గూడ ఉదయము బడికి పోరాదా?" అంటిమి.

"నాకు తీరిక యెక్కడిది? ఆ వేళకు కాఫీ, టిఫిను, పిల్లల డబ్బాలు, కూలివారికి సద్ది. ఇంటిచాకిరియే నాకు యోగము" అని నవ్వెను.

సోదరీమణులారా, ఈ నవ్వునకు మేము బదులు చెప్పక తప్పదు. ఇంటిచాకిరి వ్యాయామము కావచ్చును గాని విశ్రాంతి కాదు. అందు ఊపిరి తొందరలో నడచును. మనస్సు పది పనులపై నుండును. నెమ్మదిగా ఊపిరి దీయుటకు తలుపు వేసికొని కూర్చుండు పావుగంట వేరు. అది మన యిండ్లలో మగవారికిని, పెద్దవారికిని దొరకును. పొయ్యియొద్ద నుండు కోడలికి దొరకదు. యోగమును గూర్చి యెన్ని సభలు జరిగినను, ఆ పావుగంట నెవరో యొకరు తమ చేతులమీదుగా నామె కియ్యకున్న ఆ సభల ఫల మామె గడప దాటి లోనికి రాదు.

ఆ మాట పెద్దమ్మగారు విన్నారు. మరునాటినుండి యుదయపు కాఫీ తామే కలుపుచున్నారు. బడి యావరణకు పోవుట మాని, కోడలును దామును సాయంకాలము డాబాపై నొక్క చాపపైననే కూర్చుండుచున్నారు. మా యన్నగారు పిల్లల డబ్బాలు సర్దుచున్నారు. మొదటి వారము పప్పు డబ్బాలో పెరుగు పోసినారట; అది వేరు సంగతి.

నందిగామలో వైద్యునికి చూపింపగా, పెద్దమ్మగారికి పాత మాత్రయే మరల నిచ్చిరి. వదినకు మూడు నెలలు ఉప్పు తగ్గించి, నడక, శ్వాసాభ్యాసము చేసి మరల రమ్మనిరి. 2026 సంక్రాంతికి మేము పోయినపుడు గోడమీది క్యాలెండరులో తేదీల ప్రక్కన సంఖ్యలు వ్రాసియున్నవి. పెద్దమ్మగారిది 138కి 84. వదినది 136కి 86. పెద్దమ్మగారు మాత్ర యింకను వేసికొనుచునే యున్నారు. తగ్గించుట గూర్చి మరికొన్ని నెలలు చూచి చెప్పెదమని వైద్యులనిరట. ఆమెకు తొందరయు లేదు.

ఈ నెల మా చదువరుల నొక్కటి కోరుచున్నాము. మీ యింట పోటు మాత్ర వేసికొనువా రెవరైన నున్నచో, వారు వేసికొనుచున్నారో లేదో ప్రేమతో నడుగుడు. ముప్పదియేండ్లు దాటిన సోదరీమణులు ఆరోగ్యకేంద్రమునకు పోయి పోటు చూపించుకొనుడు. మరియు మీ యింట వంట చేయు నామెకు దినమున కొక పావుగంట విడిచి పెట్టుడు; ఆమె యేమి చేయుచున్నదని తలుపు తట్టకుడు.